నాలుగో ప్లాట్‌ఫామ్

స్టేషన్ వంతెన మీద కాలు పెట్టగానే ఎవరి పాదాల ముందు వాళ్ల బాణం వెలుగుతుంది. నడక చూసి, ఎక్కాల్సిన రైలేదో చెబుతుంది; ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఆ పొద్దున సుభాషిణి బాణం ఎప్పటిలా రెండో ప్లాట్‌ఫామ్ వైపే చూపింది. చెయ్యి పట్టుకుని బడికి వస్తున్న కూతురు మిన్ను బాణం మాత్రం నాలుగో ప్లాట్‌ఫామ్ వైపు తిరిగింది. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రి రైలొక్కటే పోతుంది.

"ఎక్కడన్నా నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదమ్మా. నా బాణం ఎంత ఎర్రగా ఉందో చూడు."

రోజూ తోడొచ్చే షహనాజ్ గొంతు తగ్గించింది. "ఎత్తుకో అక్కా. కాళ్లు నేల మీద లేకపోతే బాణం రాదు."

ఎత్తుకోగానే ఎర్ర బాణం ఆరిపోయింది. అయినా సుభాషిణి రెండో ప్లాట్‌ఫామ్ రైలును వదిలేసి నాలుగో ప్లాట్‌ఫామ్ మెట్లు దిగసాగింది.

"దింపమ్మా, నేను నడుస్తా" అంది మిన్ను.

దింపడానికి ఆమెకు చేతులు రాలేదు.