టూర్‌లో వెనక వరస

హలో, అందరికీ వినపడుతోందా? అమెరికాలోని ఎడిసన్ నుంచి మీ దివాకర్ అంకుల్‌ని.

మొన్న చెప్పకుండా మా అమ్మాయి నిహారిక చదివే యూనివర్సిటీకి వెళ్లాను. కొత్తగా చేరాలనుకునే పిల్లలకీ వాళ్ల అమ్మానాన్నలకీ కాలేజీ చూపించే క్యాంపస్ టూర్‌కి అది గైడ్‌గా ఉంది. గుంపు వెనక నిలబడ్డాను.

"నూరేళ్ల కిందట ఇది టీచర్ల కాలేజీ. ఇంట్లో వద్దన్నా రైతుల కూతుళ్లు వచ్చి చదివారు," అంటోంది. ఒక్కరూ ఫోన్ చూడటం లేదు.

ఒకావిడ తెలుగులో అడిగింది. "నీ మేజర్ ఏంటమ్మా?"

"హిస్టరీ, ఆంటీ. కంప్యూటర్స్ వదిలేశా."

"మీ డాడీ ఊరుకున్నారా?"

"ఇంకా చెప్పలేదు. తెలిస్తే చదువు మాన్పించేస్తారు."

అప్పుడే నన్ను చూసింది. మొహం పాలిపోయింది. కోపంతో అక్కడే కేకలెయ్యబోయాను. అంతలో, వద్దన్న ఆ రైతులు గుర్తొచ్చారు. చెయ్యెత్తాను.

"మేడమ్, హిస్టరీ క్లాసులు ఏ బిల్డింగ్‌లో? మా అమ్మాయి అందులో చదువుతోంది, చూసి వెళ్తాను."

మీకు తెలిసిన నాన్నలందరికీ దీన్ని పంపండి.