వైరు కొస

“ఏమండీ, ఎంసెట్ రిజల్ట్స్ వచ్చి గంటైంది. లారీలకి వైరింగ్ చేసే మనిషి, ఆ మోడెమ్ బాగుచెయ్యలేరా?” వంటింట్లోంచి నఫీసా మళ్లీ కేకేసింది.

నాగుల్ మీరా మోడెమ్‌ని ఐదోసారి ఆపి, ఆన్ చేశాడు. నెట్ లైటు వెలగలేదు. ఇక లాభం లేదని, ఆటోనగర్ షెడ్డులో చేసినట్టే నెట్ వైరు వెంబడి వేలితో తడుముకుంటూ పోయాడు.

బీరువా వెనక వైరు కొస గోడ సాకెట్‌లో లేదు. పొందిగ్గా చుట్టి, జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది.

తలెత్తాడు. పక్కనే నిలబడ్డ కూతురు అఫ్సా హాల్‌టికెట్ నలుపుతూ తల దించుకుంది.

“దొరికిందా ఫాల్టు?” అంది నఫీసా.

“వేడెక్కిందే. రేడియేటరైనా వేడి మీద మూత తియ్యం కదా. చల్లారాక అఫ్సా ఆన్ చేస్తుందిలే,” అంటూ, బ్యాండు విప్పకుండానే ఆ వైరు కొసని కూతురి చేతిలో పెట్టాడు.