రెండు కోటింగుల లెక్క

రేపు పొద్దున్నే పరిశోధన కేంద్రం డైరెక్టరు ముందు నిలబడి, ఏడాదిగా చేసిన లెక్క తప్పని ఆమె ఒప్పుకోవాలి.

రియాక్టర్‌లో ప్రమాదం జరిగితే గాల్లోకి లేచే అయోడిన్‌లో ఎంత భాగం గోడల రంగుకు అంటుకుని ఆగిపోతుందో ఆమె కంప్యూటర్ చెబుతుంది. ఆమె లెక్కను పరీక్షించడానికి కట్టిన ఉక్కు ట్యాంకు మాత్రం అంతకు ఒకటిన్నర రెట్లు మింగేసింది.

"మొహం అలా వేలాడేశావేంటే?" వరండా కిటికీకి రంగు వేస్తున్న మేనమామ లోపలికి తొంగిచూశాడు. ఆ కేంద్రంలో పెయింటరు ఆయనే.

"నువ్వు రంగేసిన ట్యాంకే మావయ్యా, నా కొంప ముంచింది! రెండు కోటింగులు ఇంత అయోడిన్ పీల్చుకోవు."

ఆయన బ్రష్షు డబ్బాలో ముంచి, తీయడం మరిచిపోయాడు.

"కాగితంలో రెండనే రాశారు. నేను... మూడేశా."

ఆమె కంప్యూటర్ లెక్కలో రెండు చెరిపి మూడు కొట్టింది. తెర మీది గీత, పూసల్లోంచి దారం వెళ్లినట్టు, పరీక్ష చుక్కలన్నిటి గుండా సాగిపోయింది. కుర్చీలోంచి లేచి ఒక్క గెంతు గెంతింది.

అంతలోనే కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అసలు రియాక్టర్ గోడలకు రంగు వేసిందీ ఈయనే!

"అక్కడెన్ని వేశావ్ మావయ్యా? నిజం చెప్పు."

"రెండే. కాగితంలో ఎలా ఉంటే అలా," అన్నాడాయన, బ్రష్షును డబ్బా అంచుకు రాస్తూ. "అప్పటికి నువ్వింకా ఇక్కడ చేరలేదుగా, మూడోది ఎవరి కోసం వేస్తా?"