ఆరు మేకుల గోడ

మల్లికార్జున్ తన ఇంట్లోకి తనే దొంగలా వచ్చాడు. భుజం మీద యూరియా బస్తా ఉంది. అది నిజానికి బస్తా కాదు. రెండు యూరియా సంచులు కలిపి కుట్టి, లోపల కొత్త గిటారు పెట్టి తెచ్చాడు.

మక్తల్‌లో ఎరువుల దుకాణం నడిపే పెద్దమనిషికి ఈ ఖర్మ ఎందుకంటే, అతని భార్య నాగరాణి ఒట్టు వేసింది. గోడకు ఆరు మేకులున్నాయి, ఆరు గిటార్లున్నాయి. "ఏడోది కండ్లవడ్డదంటె పిల్లను దీస్కొని మా అమ్మగారింటికి వోత. మల్ల రాను," అంది. నాగరాణి అన్నదంటే చేసే మనిషి. ఆమె లేకపోతే తనకు పూట గడవదని మల్లికార్జున్‌కు బాగా తెలుసు. ఆ మాట పైకి మాత్రం ఏనాడూ అనలేదు.

అంత మోజుపడి కొంటాడు కదా, వాయిస్తాడా అంటే అదీ లేదు. ఎప్పుడో నేర్చుకున్న అరముక్క పాట ఒకటుంది. అది మొదలుపెడితే చాలు, పక్కింటి నర్సింగమ్మ టీవీ సౌండు పెంచుతుంది. అతనికి కావలసింది కొనడం. కొత్తదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ రంగు వాసన పీల్చుకునే మొదటి రోజు కావాలి. వారానికల్లా అది పాతబడిపోతుంది. ఇంకోదాని మీద కన్ను పడుతుంది.

అందుకే ఒక ఉపాయం కనిపెట్టాడు. కొత్తది తెచ్చినప్పుడల్లా గోడ మీది పాతదాన్ని దించి, గొంగట్లో చుట్టి, కింద నుంచే అటక మీదికి తోసేస్తాడు. ఖాళీ మేకుకు కొత్తదాన్ని తగిలిస్తాడు. నాగరాణి వచ్చి చూస్తే ఆరే ఉంటాయి. ఆడవాళ్లకు లెక్క తప్ప వస్తువు తెలియదని దుకాణంలో కూర్చుని తనలో తనే నవ్వుకునేవాడు.

కొన్నాళ్ల కింద అలాగే ఒక ఎర్ర గిటారును అటకెక్కించబోయాడు. ఎందుకో స్టూలు వేసుకుని ఎక్కి చూశాడు. అటక మీద గొంగళ్లున్నాయి. గిటార్లు లేవు.

లబోదిబోమందామంటే వీల్లేదు. పోలీసుల దగ్గరికి పోతే ఏమేం పోయాయో చెప్పమంటారు. చెబితే ఆ మాట సాయంత్రానికల్లా నాగరాణి చెవిన పడుతుంది. కక్కలేక మింగలేక ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచాడు. ఒంట్లో బాగా లేదా అని ఆమె అడిగితే, డీఏపీ లోడు రాలేదన్నాడు.

అనుమానం నేరుగా బావమరిది సతీశ్ మీదికి పోయింది. ట్రాలీ ఆటో నడుపుతాడు. అక్కను చూసే వంకతో, తను దుకాణంలో ఉండే వేళకే వచ్చిపోతుంటాడు. పైగా మల్లికార్జున్ తండ్రి పర్వతాలు మందలో ఈ మధ్య గొర్రెలు పెరుగుతున్నాయి. ఎక్కడివని అడిగితే, మా అమ్మగారింటోళ్లు ఇస్తున్నారని నాగరాణి చెప్పింది. ఆటో కిస్తీలే కట్టలేని సతీశ్‌కు గొర్రెలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? నా గిటార్లు అమ్మి నా ఇంటికే మర్యాదలు పంపుతున్నాడని మల్లికార్జున్ పళ్లు నూరాడు.

దొంగను పట్టాలంటే సొత్తుకు గుర్తు ఉండాలి. గొర్లకాపరుల ఇంట్లో పుట్టినవాడికి గుర్తు అనగానే తట్టేది ఒక్కటే. పర్వతాలు ఇంటి గొర్రె ఏ మందలో కలిసినా పోల్చుకునేందుకు, దాని ఎడమ చెవి అంచున జంట గాట్లు పెడతారు. మల్లికార్జున్ ఆ ఎర్ర గిటారు తలకు కూడా, ఎడమవైపు అంచున, చాకుతో అవే గాట్లు పెట్టాడు. అటక మీద పడేసి ఏమీ ఎరగనట్టు దుకాణానికి పోయాడు. వారం తిరక్కముందే అదీ మాయమైంది.

చోరీ జరిగినందుకు అంత సంబరపడిన మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. పాలమూరు వెళ్లి, తను ఎప్పుడూ గిటార్లు కొనే దుకాణదారు సురేశ్‌ను పక్కకు పిలిచి గాట్ల సంగతి చెప్పాడు. అలాంటిది ఎవరైనా అమ్మవస్తే ఫోను చెయ్యమన్నాడు. సురేశ్ గంభీరంగా తలూపాడు.

"ఫికర్ జెయ్యకు మల్లన్న. గా దొంగ నా దుకాన్ల అడుగువెడితె ఇడుస్తనా?"

అన్నట్టే సురేశ్ ఫోను చేశాడు. దొంగ దొరకలేదట గాని, హైదరాబాదులో ఎవరో డాక్టరు ఇంటి నుంచి ఒక నల్ల గిటారు వచ్చిందట. అలాంటిది ఈ చుట్టుపట్ల లేదట. మల్లన్న చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ దానికి తగదట. మల్లికార్జున్ దొంగ సంగతి అక్కడే మరచిపోయాడు. ఇప్పుడు యూరియా సంచిలో ఇల్లు చేరింది ఆ నల్ల గిటారే.

నాగరాణి పెరట్లో ఉంది. తలుపు దగ్గరగా వేసి గిటారును బయటికి తీశాడు. ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త రంగు వాసన గుప్పుమంది. మురిపెంగా కండువాతో తుడుస్తుంటే, తల దగ్గర బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. గోటితో గీకాడు. రంగు కింద నింపిన లప్పం పొడిపొడిగా రాలింది. లప్పం కింద, ఎడమవైపు అంచున, జంట గాట్లు.

నల్లరంగు లోపలి నుంచి పాత ఎరుపు కూడా తొంగి చూసింది. ఇన్నాళ్లూ తన గిటార్లనే రంగు మార్చి తనకు అంటగడుతున్నాడన్న మాట సురేశ్! ఒళ్లు మండిపోయింది. అమ్మింది సతీశే అయి ఉంటాడు. పెరట్లో వాడి గొంతు వినిపించేసరికి, గిటారు మెడ పట్టుకుని అలాగే ఉరికాడు.

పెరట్లో సతీశ్ ట్రాలీలోంచి అప్పుడే ఒక కొత్త గొర్రెను దించి అదిమిపట్టుకున్నాడు. నాగరాణి దాని ఎడమ చెవిని వేళ్ల మధ్య పట్టుకుని చాకుతో గాటు పెడుతోంది.

మల్లికార్జున్ గొర్రె చెవిని చూశాడు. గిటారు తలను చూశాడు. ఇది సతీశ్ ఒక్కడి పని కాదు. చేతిలో ఏడోది ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, దాన్ని వీపు వెనక్కి దాచబోయాడు. పిల్లను తీసుకుని ఈమె ఇప్పుడే బయలుదేరుతుందేమోనని తలుపుకు అడ్డంగా జరిగాడు.

నాగరాణి తలెత్తి గిటారును ఒకసారి చూసింది. అమ్మగారింటి ఊసెత్తలేదు. రెండో గాటు కూడా పెట్టి, పసుపు అద్ది, తాపీగా అంది:

"దాన్ని జల్ది అటక మీద వెట్టు. మందకు పొట్టేలు ఒక్కటి తక్కువున్నది."