సిగ్గుపడకండి

కమ్యూనిటీ రేడియోలో రాత్రి కార్యక్రమం ఆమెదే. "మనసు బాగోలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి," అని చదివి ఆగింది. హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడయింది. స్టూడియోలో ఆమె ఒక్కతే ఉంది. ఫోన్ లైన్లు ఇంకా కలపలేదు.

"అక్కా, నేను చేయొచ్చా?"

అది తమ్ముడి గొంతు. నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకునే అతణ్ణి, పరువు పోతుందని, ఆమే ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి వచ్చింది. ఫోను కూడా లాక్కుంది. ఊళ్లో లేడని అందరికీ చెప్పింది.

ఆమె ముఖం వేడెక్కింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఒరేయ్ తమ్ముడూ అంటే ఊరంతా వింటుంది.

"ఎవరండీ మాట్లాడేది?" అంది, ముక్కూమొహం తెలియని మనిషిని అడిగినట్టు.

తర్వాత అదే గొంతు, ఈసారి ఆమె కుర్చీ వెనక నుంచి, ఎంతో మర్యాదగా బదులిచ్చింది.

"ఎవరూ కాదండీ."