రెండో సంతకం

"ఇక్కడ మీరు కూడా సంతకం పెడితే కంపెనీ మూసేసినట్టే," అంటూ ఆడిటర్ వెర్నన్ కాగితాన్ని గ్రాసియేలా ముందుకు జరిపాడు.

పక్క కుర్చీలో అక్క ఒఫీలియా కూర్చుని ఉంది. బేకర్స్‌ఫీల్డ్‌లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టి, మొక్కజొన్న పిండితో చేసే తమాలేలు వండి అమ్మిన కొట్టు ఆరేళ్ల కిందట మూతపడింది. ఆ రోజు మాటా మాటా అనుకున్నాక మళ్లీ ఇవాళే కలవడం. అక్కను చూస్తే కోపం వస్తుందనుకుంది గ్రాసియేలా. ఏమీ రాలేదు.

"కొట్టు ఎప్పుడో మూసేశాంగా?" అని అడిగింది.

"తాళం వేస్తే కంపెనీ మూసినట్టు కాదమ్మా," అన్నాడు వెర్నన్. "రాష్ట్రానికి ఏటా ఎనిమిది వందల డాలర్లు పన్ను కట్టాల్సిందే. మీ అక్క కడుతూ వచ్చారు."

గ్రాసియేలా అక్క వైపు తిరిగింది. "ఆరేళ్లూనా? ఈ సంతకమేదో అప్పుడే అడిగితే పడేసేదాన్నిగా."

"పడేసేదానివే," అంది ఒఫీలియా. "ఆ తర్వాత నిన్ను పిలవడానికి నాకింకేం మిగిలేది?"

"మరి ఇప్పుడెందుకు పిలిచావు?"

"నారింజల ప్యాకింగ్‌లో నా పని పోయిందే. ఇక కట్టలేను."

గ్రాసియేలా సంతకం పెట్టింది. కాగితాన్ని వెర్నన్ వైపు జరిపింది.

"మూసేసినట్టు రాష్ట్రం నుంచి ఉత్తరం వస్తుంది. ఒఫీలియా గారింటికే పంపమని రాయనా?" అన్నాడు వెర్నన్.

"మా ఇంటి అడ్రసు రాయండి," అంది గ్రాసియేలా. తర్వాత, అక్క ముఖం చూడకుండానే, "వచ్చాక నేనే తెచ్చిస్తాను. ఇల్లు మారలేదుగా?" అని అడిగింది.

"అదే ఇల్లు," అంది ఒఫీలియా.