గోడకేసి తిప్పిన బొమ్మ

నాయనమ్మ పుస్తకం ఇవ్వనంటే ఇవ్వనంది. గడువు దాటిపోయిందని అసుంతా బతిమాలింది, అలిగింది, చివరికి ఏడ్చింది కూడా. ముసలమ్మ మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

అది పిల్లల బొమ్మల పుస్తకం. రెండు వీధుల అవతల సెటిల్‌మెంట్ ఇల్లు అనే సేవాకేంద్రం పెట్టి, పొట్ట చేత పట్టుకుని ఈ చికాగోకి వచ్చినవాళ్లందరికీ అండగా నిలిచిన మిస్ ప్రెస్కాట్ కథ. ఆ ఇంటి గ్రంథాలయం నుంచే అసుంతా దాన్ని తెచ్చుకుంది. అక్షరం ముక్క రాని నాయనమ్మకి రోజూ కాస్త కాస్త ఇటాలియన్‌లోకి మార్చి చదివి వినిపించింది. కథ అయిపోయిందో లేదో, నాయనమ్మ పుస్తకం లాక్కుని పునీతుల పటాల పక్కన నిలబెట్టి, ముందు కొవ్వొత్తి వెలిగించింది.

ఆమె పునీతురాలు కాదని, బతికే ఉందని, ఇక్కడే ఉంటుందని అసుంతా నెత్తీనోరూ కొట్టుకుంది.

"మరీ మంచిది. దగ్గరుంటే తొందరగా వినబడుతుంది" అంది నాయనమ్మ.

మొక్కు ఉయ్యాలలోని అసుంతా తమ్ముడు రోకో కోసం. కిటికీ కింద సందులో చెత్తపెట్టె నిండి పొర్లిపోతోంది. చెత్తబండి ఈ వేసవిలో ఆ సందు మొహమే చూడలేదు. ఓట్లు అయ్యాక చూద్దామన్నాడు పేట పెద్దమనిషి. సెటిల్‌మెంట్ ఇంటి గుమ్మంలో పడిగాపులు పడితే, కుర్ర మిస్సమ్మలు నవ్వుతూ మళ్లీ రమ్మన్నారు. ఈలోగా ఈగలు ఇంటినిండా ముసిరాయి. రోకోకి విరేచనాలు పట్టుకున్నాయి, పాలు ఇమడటం మానేశాయి, ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఎదురింటి పసిపాప ఇలాగే పోయింది. అసుంతాకి ఆ ఉయ్యాల వైపు చూడాలంటేనే భయం వేసేది.

కొవ్వొత్తి కరిగిందిగానీ అట్ట మీది బొమ్మ కరగలేదు. చివరికి ఒకరోజు పొద్దున నాయనమ్మకి ఒళ్లు మండి, పుస్తకాన్ని గోడకేసి తిప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం. అమ్మ కుట్టుపనికి, నాన్న రైలుపట్టాల పనికి వెళ్లారు. అసుంతా ఉయ్యాల ఊపుతూ కునికింది. ఎండలో ఆరేసిన దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బుతున్నాయి. సరస్సు నీళ్లు మెల్లగా వీధిలోకి వచ్చాయి. అట్ట మీది నీలం గౌను మిస్సమ్మ నీళ్ల మీద నడుచుకుంటూ వస్తోంది. ఆమె గౌను అంచు తగిలినచోటల్లా చెత్త పచ్చగడ్డి అవుతోంది, ఈగలు తెల్లటి సీతాకోకచిలుకలై లేస్తున్నాయి. ఎంత బాగుందో. అంతలో ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో బొద్దుగా ఒక పెద్దావిడ, మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతూ నిలబడి ఉంది. టోపీ పక్కకి జారింది. నీలం గౌను లేదు, నల్లటి పాతకోటు ఉంది. జుట్టు నెరిసిపోయింది. కానీ కళ్లు మాత్రం ఆ కళ్లే. సాక్షాత్తూ మిస్ ప్రెస్కాట్. కల ఇంకా అయిపోలేదేమో అనుకుంది అసుంతా.

ఆవిడ ముక్కలు ముక్కలుగా ఇటాలియన్‌లో, పుస్తకం కోసం వచ్చానని చెప్పింది. నాయనమ్మ తాపీగా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, గోడ వైపు చెయ్యి చూపించింది.

"అదిగోనమ్మా, శిక్షలో ఉంది. వానలు పడకపోతే మా ఊళ్లో పునీతుణ్ణయినా ఇలాగే గోడకేసి తిప్పేవాళ్లం. ఈవిడెంత? పుస్తకంలో అయితే ఊళ్లు ఉద్ధరించింది. మా సందు దగ్గరికి వచ్చేసరికి కాళ్లనొప్పులు కాబోలు."

అసుంతా నాయనమ్మ గౌను లాగింది, కాలు తొక్కింది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. వచ్చినావిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంతకీ ఆమెనేం అడిగారు?" అంది నెమ్మదిగా.

నాయనమ్మ ఆవిణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది, తరవాత ఉయ్యాల దగ్గరికి. ఆవిడ కిందికి చూసింది, పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసింది. కాఫీ కప్పు అక్కడే వదిలేసి, రోకోని గుండెలకి హత్తుకుని మెట్లు దిగింది. సెటిల్‌మెంట్ ఇంటి డాక్టరమ్మ ఆ రాత్రంతా పిల్లాడి పక్కనే కూర్చుంది.

మర్నాడు చెత్తబండ్లు వరసకట్టి వచ్చాయి. గొడుగు కర్రలా పట్టుకుని సందు మధ్యలో నిలబడి బండివాళ్ల మీద కేకలేసింది ఆవిడే. ఆదివారానికి రోకో పాలకోసం ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. అంత చక్కటి ఏడుపు ఆ ఇంట్లో అదివరకెప్పుడూ వినలేదని అమ్మ కళ్లు తుడుచుకుంది.

నాయనమ్మ బొమ్మని ఇటు తిప్పి, దుమ్ము తుడిచి, ఇక ఇచ్చేసి రమ్మని పుస్తకం అసుంతా చేతిలో పెట్టింది.

అసుంతా ఇక ఉండబట్టలేకపోయింది. "నాయనమ్మా, ఆ రోజు నువ్వు ఎవర్ని తిట్టావో తెలుసా? ఆవిడే మిస్ ప్రెస్కాట్."

నాయనమ్మ తీరిగ్గా కొవ్వొత్తి ఆర్పింది.

"ఒసే పిచ్చిదానా, పుస్తకం తిరిగి రాకపోతే ఆవిడే ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని నాకు చదివి వినిపించింది నువ్వే కదే."